ఆరు రోజుల లంగరు

ఆరు రోజులు బయటే ఉండిపోయిందా ఓడ.
డాల్ఫిన్ నోస్ లైటు రాత్రంతా
దాన్ని తడిమి వదిలేసేది.
ముందు బెర్తు ఖాళీ లేదు,
బెర్తు దొరికాక వాన.
వానలో బియ్యం ఎక్కించకూడదు.
హాచ్ మూసేసి, టార్పాలిన్ కింద
నేనూ, నా టాలీ పుస్తకమూ,
గ్యాంగ్‌వే దిగి వచ్చిన జోనా అనే నావికుడూ.

అతనిది పటంలో వేలు పెడితే
వేలి కిందే మాయమైపోయే దేశం.
కొబ్బరి, చేప తప్ప
అన్నీ ఓడలోనే రావాలట అక్కడికి.
బియ్యం, డీజిలు, ఉల్లిపాయలు,
బళ్ళో సుద్దముక్క,
చివరికి నోట్లు అచ్చేసే కాగితం కూడా.

"ధరలు ఎందుకలా పెరిగాయి మీకు?" అన్నాను,
ఊసుపోక అడిగినట్టే.
వచ్చీరాని హిందీలో, మిగతాది చేతుల్తో చెప్పుకొచ్చాడు.
తుఫాను కొబ్బరిచెట్ల తలలు కోసుకుపోయింది.
అమ్మడానికేమీ లేక డాలరు మొహం చాటేసింది.
డాలరు లేని రేవుకి ఏ ఓడ వస్తుంది?
జీతాలివ్వాలి కదా, సర్కారు నోట్లు గుద్దింది.
కాగితం చాలక
పాత నోటు మీదే రబ్బరు స్టాంపుతో
మరో రెండు సున్నాలు.
కొట్లవాళ్ళు రేపటి భయాన్ని
ఇవాళ్టి ధరలో కలిపేశారు.
జనం ఆ భయాన్నే బస్తాలుగా కొని
మంచాల కింద దాచుకున్నారు.
"అందరం తెలివైనవాళ్ళమే," అని నవ్వాడు,
"అందుకే అంగట్లో బియ్యం లేదు."

పడవ ఇంజను కోసం ఏడేళ్ళు దాచాడట.
సగం కూడేసరికి ధర రెట్టింపయింది.
మొత్తం కూడేసరికి
ఆ డబ్బుకి ప్రొపెల్లరు వచ్చింది.
గోడకి మేకు కొట్టి తగిలించాడు.
గాలికి తిరుగుతుంటే పిల్లలకి సరదాట.

నేను లెక్క తేల్చే మనిషిని.
స్లింగుకి ఇన్ని బస్తాలు,
చిరిగినవి ఒక గడి, తడిసినవి ఒక గడి.
ఈ ఆరు రోజులు ఏ గడిలో రాయను?
ఓడ ఊరికే నిలబడదు,
నిలబడ్డ ప్రతి పూటా బిల్లు కంటుంది.
ఆ బిల్లు గింజగింజకీ అంటుకుని
అక్కడెక్కడో ఓ గిన్నెలో ఉడుకుతుంది.
నిన్న వించి బాగుచెయ్యాల్సిన ఎల్లాజీ
కొడుకు పుట్టువెంట్రుకలని రెండు గంటలు ముందే వెళ్ళిపోయాడు.
నేను కాన్వెంట్ జంక్షన్లో
పావుగంట టీని ముప్పావుగంట చేశాను.
పన్నెండు రూపాయలిచ్చాను దానికి.
పూర్తిగా కట్టానో లేదో.

ఇదేమీ అతనికి చెప్పలేదు.
వెళ్ళేటప్పుడు గొడుగిచ్చి ఓడ దాకా తీసుకెళ్ళాను.
గుర్తుగా ఉంచుకోమని
ఓ నోటు నా జేబులో కుక్కాడు.

తెల్లారి డ్యూటీ దిగి ఫిషింగ్ హార్బరు.
నూకరత్నం ఐసు బండివాడితో తగువులో ఉంది.
నన్ను చూసి తగువు నా మీదకి తిప్పింది.
"డీజిలు పెరిగిందని ఆడు ఐసు పెంచీసినాడు,
ఐసు పెరిగిందని నాను పెంచితే
నువ్వలగ మొగం పెడతావేటి బాబూ?"
ఏం చెప్పాలో తెలీక నోటు తీసి చూపించాను.
పొలుసులంటిన వేళ్ళతో ఎండకి పట్టి చూసింది.
"ఓలమ్మో, ఇన్ని సున్నాలేటి, కోనాం గుడ్లలాగ!
ఏటొస్తాది దీనికి?"
"రాత్రి ఒక టీ వస్తుందన్నాడు."
"మరివాళ?"

నేనేమీ అనేలోపు
తక్కెట్లో పడేసింది నోటుని.
ముల్లు కదల్లేదు.
"పెట్టిన గుడ్లన్నీ సేపలైపోతాయేటి," అని గొణిగి
ధర తగ్గించకుండానే
నాలుగు కవళ్ళు ఎక్కువేసింది.

నోటిప్పుడు నీచువాసన కొడుతోంది.
తడిసినవాటిలో రాయాలో చిరిగినవాటిలో రాయాలో తేలక
టాలీ పుస్తకంలో అలాగే ఉంచాను.
ఇంకా నాలుగువందల టన్నులు ఎక్కాలి.
యారాడ కొండ మీద
మళ్ళీ మబ్బు పడుతోంది.